ఈసీజీ, ఈఈజీ రెండూ నార్మల్ వచ్చాక మళ్ళీ పరీక్షలు ఎందుకు?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒకరు అడిగారు. వాళ్ళ తమ్ముడికి 19 ఏళ్ళు. ఏడాదిలో రెండుసార్లు ఉన్నట్టుండి పడిపోయాడు. రెండోసారి చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయి. దగ్గర్లోని డాక్టరు ఫిట్స్ అని మాత్రలు మొదలుపెట్టారు. తర్వాత బరంపురంలో గుండె కరెంటును చూసే ఈసీజీ, విశాఖపట్నంలో మెదడు కరెంటును చూసే ఈఈజీ తీయించారు. రెండూ నార్మలే. ఇప్పుడు 24 గంటలూ ఒంటి మీదే ఉండి గుండె లయను రికార్డు చేసే హోల్టర్, రాత్రంతా నిద్ర లేకుండా ఉంచి ఇంకో ఈఈజీ అంటున్నారట. "రెండూ నార్మల్ అయితే ఇంకా ఎందుకు? మిషన్లు పనికిరానివా, లేక డబ్బు కోసమా?" అన్నది ప్రశ్న.

చేయించండి. మీ చేతిలో ఉన్న రెండు నార్మల్ రిపోర్టుల అర్థం, తీసిన ఆ కాసేపట్లో తేడా కనపడలేదని మాత్రమే. ఆ పిల్లాడు పడిపోయిన రోజున ముందు గుండె తడబడిందా, మెదడు తడబడిందా అన్నది ఇంకా తేలలేదు. తేలాల్సింది అదే.

నేను డాక్టర్ని కాను, బయోమెడికల్ ఇంజనీర్ని. పర్లాకిమిడిలో పుట్టి పెరిగాను. గుండెలోనూ మెదడులోనూ పుట్టే కరెంటును ఒకే గడియారం మీద రికార్డు చేసి, ఒకటి రెండోదాన్ని ఎలా లాగుతుందో చూడటం నా పరిశోధన. మందు మార్చడం, ఆపడం మీ డాక్టరు చేతిలో పని. ఇప్పుడు వాడుతున్న ఫిట్స్ మాత్రల్ని మాత్రం నా సమాధానం చదివి ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ విరుచుకుపడే ప్రమాదం ఉంది.

మామూలు ఈసీజీ పది సెకన్ల రికార్డు. నిమిషానికి డెబ్బై చొప్పున లెక్కేస్తే ఆ చీటీ మీద పడేది పన్నెండు కొట్టుకోవడాలు. రోజు మొత్తంలో గుండె కొట్టుకునేది దాదాపు లక్షసార్లు. గుణుపురం స్టేషన్లో పది సెకన్లు నిలబడి, రైలు కనపడలేదు కాబట్టి ఈ లైన్లో రైళ్ళే తిరగవు అనేస్తే ఎలా ఉంటుందో, ఒక్క ఈసీజీ చూసి గుండెకు ఏమీ లేదనడం అలాగే ఉంటుంది. గుండె కండరానికి దెబ్బ తగిలినప్పుడు ఆ మచ్చ ప్రతి చీటీ మీదా కనపడవచ్చు. ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే లయ తప్పడం అలా దొరకదు.

ఈఈజీ కాస్త నయం, ఇరవై నుంచి ముప్పై నిమిషాలు తీస్తారు. అయితే దాని కష్టం వేరు. గుండె సంకేతం ఛాతీ మీద ఒక మిల్లీవోల్టు దాకా ఉంటుంది. మెదడు సంకేతం పుర్రె దాటి తల చర్మం మీదికి వచ్చేసరికి పదుల మైక్రోవోల్టులకు పడిపోతుంది. అంటే గుండె సంకేతంలో నూటికి కొన్ని పాళ్ళు మాత్రమే. విల్లెం ఐంథోవెన్‌కు ఈసీజీ మీద చేసిన పనికి నోబెల్ బహుమతి వచ్చిన 1924లోనే జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు కరెంటును రికార్డు చేశాడు. దాన్ని ధైర్యంగా అచ్చు వేయడానికి ఆయనకు 1929 దాకా పట్టింది. అంత చిన్న సంకేతం అది. పైగా మెదడు పైపొరలో కొన్ని చదరపు సెంటీమీటర్ల మేర కణాలు ఒకేసారి మెరిస్తే తప్ప బయటి తీగలకు అందదు. లోతుగా, మడతల్లో జరిగేది అందకుండానే పోతుంది.

అందుకే మూర్ఛ, అంటే ఫిట్స్ జబ్బు, ఖాయంగా ఉన్నవాళ్ళలో కూడా మొదటి మామూలు ఈఈజీలో ఏదైనా దొరికేది సుమారు సగం మందికే. నిద్ర కలిపి, మళ్ళీ మళ్ళీ తీస్తే ఆ వాటా బాగా పెరుగుతుంది. నిద్రమత్తులోకి జారే సమయంలోనూ తేలిక నిద్రలోనూ మూర్ఛ గుర్తులు పైకి తేలతాయి. కాబట్టి నిద్ర లేకుండా ఉంచి తీసే ఈఈజీని పాత పరీక్షకు నకలు అనుకోవద్దు, అది వేరే పరీక్ష. మీ డాక్టరు అడిగింది సబబే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. చేతులూ కాళ్ళూ కొట్టుకున్నంత మాత్రాన అది ఫిట్స్ కానక్కర్లేదు. గుండె కొన్ని సెకన్లు ఆగినా, బీపీ బాగా పడిపోయినా మెదడుకు రక్తం అందదు. ఆరేడు నుంచి పది సెకన్లలో స్పృహ పోతుంది. ఆ క్షణాల్లో ఈఈజీ చూస్తే అలలు ముందు నెమ్మదించి పెద్దవవుతాయి, ఇంకా రక్తం అందకపోతే గీత చదునైపోతుంది. ఆ సమయంలోనే ఒళ్ళు బిగుసుకోవడం, చేతులు ఎగరడం జరుగుతుంది. 1994లో జర్మనీలో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు కావాలనే స్పృహ తప్పేలా చేసి వీడియో తీశారు. పూర్తిగా సొమ్మసిల్లిన 42 మందిలో 90 శాతం మందికి ఒళ్ళు ఎగిరింది. వాళ్ళెవరికీ మూర్ఛ లేదు.

మూర్ఛలో వరస తిరగబడుతుంది. ముందు మెదడులో అలజడి మొదలవుతుంది, వెనకే గుండె వేగం పెరుగుతుంది. చాలామందిలో ఈఈజీ మారిన కొన్ని సెకన్లలోనే, కొందరిలో అంతకన్నా ముందే, గుండె పరుగు అందుకుంటుంది. అరుదుగా, చెవి పక్కనుండే టెంపోరల్ భాగంలో మొదలైన మూర్ఛ గుండెను కాసేపు ఆపేస్తుంది కూడా. అలాంటి మనిషికి ఈసీజీ ఒక్కటే తీస్తే గుండెజబ్బు అంటారు, ఈఈజీ ఒక్కటే తీస్తే మూర్ఛ అంటారు. రెండు గీతలూ ఒకే కాగితం మీద, ఒకే సెకను గీతల కింద ఉంటే తప్ప ఏది ముందో, ఏది వెనకో చెప్పలేం. నా పరిశోధన అంతా ఈ వరస మీదే.

మీ విషయంలో ఈసీజీ ఒక ఊళ్ళో, ఈఈజీ ఇంకో ఊళ్ళో, వేర్వేరు రోజుల్లో తీశారు. మన సరిహద్దు ఊళ్ళ నుంచి వెళ్ళే ప్రతివాళ్ళకీ ఇదే జరుగుతోంది. గుండెకని బరంపురమో, తలకని విశాఖో వెళ్తారు. ఒక చోటి డాక్టరు ఇంకో చోటి కాగితాన్ని చూడరు, చూసినా రిపోర్టు చివరి వాక్యమే చూస్తారు.

చాలామందికి తెలియని మాట ఒకటుంది. ఈఈజీ తీసేటప్పుడే సాధారణంగా ఒక ఈసీజీ గీతను కూడా కలిపి తీస్తారు. అన్ని గీతల కింద, అడుగున ఉంటుంది. అంటే ఇరవై నిమిషాల గుండె లయ, మెదడు అలలతో ఒకే గడియారం మీద, ఇప్పటికే మీ దగ్గర ఉండవచ్చు. విశాఖలో తీసిన చోటికి వెళ్ళి కాగితం రిపోర్టు ఒక్కటే కాకుండా అసలు రికార్డు ఫైలును పెన్‌డ్రైవ్‌లో అడగండి. ఈడీఎఫ్ అనే ఫార్మాట్లో ఇస్తే ఏ ఊరి న్యూరాలజిస్టైనా తెరిచి చూడగలరు. ఆ అడుగు గీతను కూడా చదవమని మర్యాదగా అడగండి. నిద్ర లేకుండా తీసే రెండో ఈఈజీకి వెళ్ళినప్పుడు ఛాతీ మీద ఈసీజీ తీగలు పెట్టారో లేదో చూసుకోండి, వీలుంటే వీడియోతో కలిపి తీయమనండి.

ఆ అడుగు గీతకు ఇంకో ఉపయోగం ఉంది. మెడ పొట్టిగా, బొద్దుగా ఉన్నవాళ్ళలో గుండె సంకేతం తలదాకా పాకి ఈఈజీలో మొనదేలిన ముళ్ళలా కనపడుతుంది. అలాంటి ముళ్ళను చూసి మూర్ఛ అని రాసిన రిపోర్టు ఒకటి నా దగ్గరికి వచ్చింది. అడుగునున్న ఈసీజీ గీత పక్కన పెడితే ప్రతి ముల్లూ సరిగ్గా గుండె కొట్టుకున్న చోటే ఉంది. న్యూరాలజిస్టుకు చూపించాం, ఆయన ఆ మాట కొట్టేశారు.

ఇంకో కేసు చెప్తాను, ఇది మనవాళ్ళందరూ వినాల్సింది. గజపతి జిల్లాలోని ఒక తెలుగు కుటుంబం, మేనరికం. పాపకు పుట్టు చెవుడు. బడిలో పరిగెత్తినప్పుడు, భయపడినప్పుడు పడిపోయేది, కొట్టుకునేది. ఫిట్స్ మందు ఏళ్ళ తరబడి వాడారు. ఈఈజీలో ఎప్పుడూ ఏమీ లేదు. ఈసీజీ చీటీ మీద యంత్రం వేసిన లయ సాధారణం అన్న ముక్కను చూసి అందరూ పక్కన పెట్టేశారు. ఆ చీటీ మీద క్యూటీని, అంటే ఒక్కో కొట్టుకోవడంలో గుండె కింది గదుల కరెంటు మొదలై సద్దుమణగడానికి పట్టే సమయాన్ని, చేత్తో కొలిస్తే 500 మిల్లీసెకన్లు దాటింది. పుట్టు చెవుడుతో కలిసి వచ్చే ఈ గుండె లోపాన్ని 1957లోనే నార్వేలో జెర్వెల్, లాంగే నీల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు వర్ణించారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపం ఉన్న జన్యువు వస్తేనే ఇది వస్తుంది. కాబట్టి దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాల్లో దీనికి అవకాశం ఎక్కువ. గుండె డాక్టరు ఆ పాపకు గుండె పరుగును తగ్గించే బీటా బ్లాకర్ మందు మొదలుపెట్టారు. ఇలాంటి పిల్లల్లో కొందరు నిద్రలోనో, చెరువులో ఈత కొడుతూనో ప్రాణం పోగొట్టుకుంటారు, ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనో, ఫిట్స్ అనో అనుకుంటారు. నాకు గుండె మండేది అక్కడే.

అందుకని మీ ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఈత వచ్చి కూడా నీళ్ళలో మునిగిపోయినవాళ్ళు? పుట్టు చెవుడు? మీ అమ్మానాన్నలది మేనరికమా? పడిపోయింది పరుగెత్తుతుంటేనా, ఉలిక్కిపడితేనా, ఎండలో చాలాసేపు నిలబడితేనా, పడుకుని ఉంటేనా? పరుగు మధ్యలో గానీ, పడుకుని ఉండగా గానీ పడిపోయి ఉంటే ముందు గుండె డాక్టరు దగ్గరికే వెళ్ళండి, ఈఈజీ తర్వాత చూసుకోవచ్చు.

మీ బరంపురం ఈసీజీ చీటీ ఉంటే క్యూటీ కొలిచి చూసుకోవచ్చు. చీటీ అంచున సెకనుకు 25 మిల్లీమీటర్లు అని ఉండాలి. అప్పుడు ఒక్కో చిన్న గడి 40 మిల్లీసెకన్లు. మొనదేలిన అల మొదలయ్యే చోటు నుంచి దాని తర్వాతి గుండ్రటి టీ అల ముగిసే చోటు దాకా క్యూటీ. పది గడులుంటే 400. అయితే గుండె వేగంగా కొట్టుకుంటే క్యూటీ సహజంగానే కుదించుకుంటుంది, కాబట్టి సరిచేయాలి. 1920లో బాజెట్ ఇచ్చిన లెక్క ఇప్పటికీ వాడతాం: క్యూటీని, రెండు కొట్టుకోవడాల మధ్య దూరానికి వర్గమూలంతో భాగించాలి. ఆ దూరం పదహారు గడులైతే 0.64 సెకను, వర్గమూలం 0.8. నాలుగు వందలను 0.8తో భాగిస్తే 500. చూడటానికి బాగానే ఉన్న 400 కాస్తా ప్రమాదపు అంకె అయింది. మగవాళ్ళలో 450 దాటితే, ఆడవాళ్ళలో 460 దాటితే డాక్టరు ఓసారి ఆలోచించాలి, 500 దాటితే ఆగకూడదు. గుండె బాగా వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ఈ లెక్క ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి అంకె చూసి బెంబేలెత్తకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు ఇంకోటి తీయించండి.

పడిపోవడానికి ముందు ఏ మందులు వాడాడో రాసి పెట్టండి. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో మలేరియా ఎక్కువ. క్లోరోక్విన్, క్వినైన్ రెండూ క్యూటీని పొడిగిస్తాయి. జలుబుకు, దగ్గుకు మందుల షాపువాళ్ళు చేతిలో పెట్టే అజిత్రోమైసిన్ కూడా అంతే. వాంతులు, విరేచనాలతో ఒంట్లో పొటాషియం తగ్గినప్పుడు ఇవి తోడైతే ఇంకా చెడ్డది. మరోవైపు చిన్నప్పుడు మెదడుకెక్కిన మలేరియా వచ్చి తగ్గినవాళ్ళలో కొందరికి తర్వాత నిజంగానే మూర్ఛ వస్తుంది. పంది మాంసం తినే ఊళ్ళలో, పరిశుభ్రత లేని చోట, బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి మెదడులో తిత్తులు కట్టడమూ మూర్ఛకు పెద్ద కారణం. అది స్కానింగ్‌లో కనపడుతుంది, ఈఈజీలో పేరు పెట్టి కనపడదు. తల స్కానింగ్ తీయించారో లేదో మీరు రాయలేదు. లేకపోతే అడగండి.

హోల్టర్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. నార్మన్ హోల్టర్ తొలిరోజుల్లో వీపున మోసిన యంత్రం సుమారు 38 కిలోలు, ఇప్పటిది జేబులో పడుతుంది. పరిమాణం తగ్గింది గానీ, 24 గంటల్లో జరిగిందే అది చూడగలదన్నది మారలేదు. ఏడాదికి రెండుసార్లు పడే మనిషి సరిగ్గా ఆ రోజే పడడు. అయినా దానికి విలువుంది. పడిపోకపోయినా రాత్రి నిద్రలో గుండె మరీ ఎక్కువసేపు ఆగడం, కింది గదుల నుంచి వరసగా తప్పు కొట్టుకోవడాలు, పరుగెత్తాక క్యూటీ తగ్గకపోవడం లాంటి గుర్తులు పడతాయి. కాబట్టి ఆ రోజు మంచం మీద పడుకోబెట్టకండి. డాక్టరు వద్దంటే తప్ప మామూలుగా తిరగనివ్వండి, మెట్లెక్కనివ్వండి. గంట గంటకూ ఏం చేశాడో డైరీలో రాయించండి. డైరీ లేని హోల్టర్ సగం పనికిరాదు. అది కూడా నార్మల్ వచ్చి, మళ్ళీ పడిపోతే, చర్మం కింద పెట్టి మూడేళ్ళు, కొన్నయితే ఇంకా ఎక్కువ, కాపు కాసే లూప్ రికార్డరు ఉంది. ఆ మాట డాక్టరే ఎత్తుతారు.

ఈఈజీకి వెళ్ళే ముందు రోజు తలంటు పోయించండి, నూనె మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. మన ఇళ్ళలో తలస్నానం చేశాక కొబ్బరినూనె రాసి పంపడం అలవాటు. నూనె పొర ఉంటే తీగకూ చర్మానికీ మధ్య నిరోధం పెరుగుతుంది, అది 5 కిలోఓముల లోపుంటేనే గీత శుభ్రంగా వస్తుంది. మాత్రలు మామూలుగానే వేయాలి, డాక్టరు చెప్తే తప్ప మానిపించకండి. ఖాళీ కడుపుతో పంపకండి.

మిషన్ల మీద మీ అనుమానం గురించి. యంత్రాలు చెడ్డవి కావడం అరుదు. చెడ్డదయ్యేది చుట్టూ ఉన్న కరెంటు. కొండ మీది ఒక ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ గీతలన్నీ గొంగళిపురుగు వెంట్రుకల మాదిరి దట్టంగా వస్తున్నాయని పిలిచారు. అది 50 హెర్ట్జ్ కరెంటు రొద. ప్లగ్ పీకి బ్యాటరీ మీద తీయగానే గీత శుభ్రపడింది. వేసవిలో ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంది. ఇలాంటప్పుడు కొందరు ఫిల్టరు బిగించి రొదను దాచేస్తారు. దాంతోపాటు అసలు అలల అంచులూ అరిగిపోతాయి. చీటీ అంచున ఫిల్టరు వివరం రాసి ఉంటుంది, చూడండి. రెండు చేతుల క్లిప్పులు తారుమారైనా గీత మారిపోతుంది: మొదటి లీడ్ (చీటీ మీద I అని రాసిన గీత) తలకిందులుగా ఉంటే ముందు అదే అనుమానించాలి.

ఆ చీటీని ఇవాళే ఫోటో తీసి, జిరాక్సు చేయించి పెట్టుకోండి. అది వేడికి నల్లబడే కాగితం. బీరువాలో ఉంచితే కొన్నాళ్ళకు గీతలు వెలిసిపోవచ్చు, ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా త్వరగా. పాత చీటీతో పోల్చి చూసే అవకాశం పోతే మళ్ళీ రాదు.

మళ్ళీ పడిపోతే ఏం చేయాలో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఇనుప తాళాలు చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బిగువు వదులు చేయండి. ఒకరు నాడి పట్టుకోండి, ఒకరు ఫోన్లో వీడియో తీయండి. మనిషి పలకకుండా, ఊపిరి కూడా సరిగ్గా లేకుండా ఉంటే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయండి. ఐదు నిమిషాలు దాటి కొట్టుకుంటున్నా ఫోన్ చేయండి. వీడియోలో డాక్టరు చూసేది ఇవి: ముఖం పాలిపోయిందా, నీలంగా మారిందా, ఎన్నిసార్లు ఒళ్ళు ఎగిరింది, లేచాక ఎంతసేపటికి మనుషుల్ని గుర్తుపట్టాడు. పది కన్నా తక్కువసార్లు ఎగిరితే సొమ్మసిల్లడం వైపు, ఇరవై దాటితే మూర్ఛ వైపు మొగ్గుతుందని పరిశోధకులు వీడియోలు లెక్కపెట్టి చెప్పారు. నాలుక పక్క భాగం కొరుక్కోవడం, లేచాక చాలాసేపు అయోమయం కూడా మూర్ఛ వైపే. లేచిన వెంటనే "ఏమైంది?" అని తెలివిగా అడిగితే సొమ్మసిల్లడం కావచ్చు.

ఇప్పుడు వాడుతున్న మాత్రల పేరు మీరు రాయలేదు. కార్బమజపైన్ అయితే గుండె డాక్టరుకు తప్పక చెప్పండి, కొందరిలో అది గుండె లోపలి కరెంటు దారిని నెమ్మదిస్తుంది.

ఈసీజీ చీటీ ఫోటో ఇక్కడ పెడితే కొలత సరిగ్గా వేశారో లేదో చూసి చెప్తాను. పేరు, ఆస్పత్రి నంబరు మూసేయండి. పగటి వెలుతురులో, కాగితం మడత పడకుండా, పైనుంచి నిటారుగా తీయండి. రెండో లీడూ, ఛాతీ మీది ఐదో లీడూ, అంచున ఉన్న వేగం అంకె కనపడాలి.